పాటల పెట్టె: ఒక ఇంటి ప్రాజెక్టు డైరీ

బతుకమ్మ సెలవులు

ముందు ఈ పెట్టె ఏం చేయాలో రాసుకుంటున్నాను. పైన చదునైన చెక్క ఉంటుంది. దాని మీద బొమ్మ గీసిన కార్డు పెడితే ఆ కార్డుకు కేటాయించిన పాటో కథో మొదలవ్వాలి. కార్డు తీస్తే ఆగాలి. స్క్రీన్ ఉండదు, ఇంటర్నెట్ ఉండదు. ఒక కార్డుది అయిపోగానే దానంతట అదే ఇంకో కార్డుది ఎత్తుకోకూడదు. ఎనభై దాటిన మా అమ్మమ్మ, రెండో తరగతి చదివే మా మేనకోడలు, ఇద్దరూ ఎవరి సాయం లేకుండా వాడుకోగలగాలి.

ఇందులోకి ఏవి ఎక్కాలి అన్నదానికి ఒకటే కొలత పెట్టుకున్నాను: ఈ మధ్య నేను విన్న, చదివిన, చూసిన వాటిలో మనసుకు గట్టిగా పట్టినవి. ఫోన్‌లో వందల పాటలు దాచి ఉన్నాయి. వాటిలో ఏదంటే ప్రాణం అని ఎవరైనా అడిగితే జవాబు కోసం వెతుక్కోవాల్సి వస్తోంది. ఒక్కో కార్డుకు చేత్తో బొమ్మ గీసి, రంగు వేసి, లామినేషన్ చేయించి, ప్రోగ్రాంలో నంబరు ఎక్కించాలంటే దేనికి అంత శ్రమ పెట్టొచ్చో మనకే తేలిపోతుంది.

మొదటి కార్డు విషయంలో ఆలోచించే పనే లేదు. పన్నెండు మెట్ల కిన్నెర అనే తంత్రి వాద్యం. అమ్మమ్మ పుట్టిల్లు అచ్చంపేట వైపు. ఆ కిన్నెర వాయిస్తూ కథలు పాడే దర్శనం మొగులయ్య ఊరు అవుసలికుంట ఆ దగ్గరే, లింగాల మండలంలో. 2021లో 'భీమ్లా నాయక్' టైటిల్ పాట మొదట్లో ఆయన గొంతు విని దేశమంతా ఎవరీయన అని అడిగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ సినిమా పాట నాకూ ఇష్టమే. కానీ ఆయన సత్తా తెలియాలంటే పండుగ సాయన్న కథ వినాలి. నిజాం కాలంలో దొరల సొమ్ము కొట్టి పేదలకు పంచాడని పాలమూరు జనం చెప్పుకునే మనిషి సాయన్న. ఆ కథలో గొంతు ఎక్కడ ఆగుతుందో అక్కడ కిన్నెర అందుకుంటుంది. పాటకు తోడుగా మోగడం వేరు, పాట చెప్పని మాటను తంత్రి చెప్పడం వేరు. ఇక్కడ రెండోది జరుగుతుంది. వెదురు బొంగు, కింద సొరకాయ బుర్రలు, మైనంతో నిలిపిన మెట్లు, కొసన నెమలీకలు: చూడటానికి ఇంతే. వినిపించేది మాత్రం ఒక ఊరి గుంపంత.

సాయన్న కథ ఒకటో నంబరు.

దసరా దాటాక

కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి సామాను తెచ్చాను. నల్లగొండ నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి పని ముగించుకుని తిరుగు బస్సు పట్టుకోవచ్చు. తెచ్చినవి: ఆర్డుయినో నానో (ప్రోగ్రాం నడిపే చిన్న బోర్డు), ఆర్‌సీ522 కార్డు రీడర్, డీఎఫ్‌ప్లేయర్ మినీ (పాటల ఫైళ్లు వాయించే చిన్న బోర్డు), నాలుగు ఓముల మూడు వాట్ల స్పీకరు, తాకకుండానే చదవగలిగే ఖాళీ ఆర్‌ఎఫ్‌ఐడీ కార్డుల కట్ట.

పనిచేసే తీరు సులువే. పాట కార్డులో ఉండదు. కార్డులో ఉండేది ఒక నంబరు మాత్రమే. కార్డుకు బ్యాటరీ కూడా ఉండదు. రీడర్ తన తీగచుట్ట నుంచి 13.56 మెగాహెర్ట్జ్‌లో అయస్కాంత క్షేత్రం పుట్టిస్తుంది. కార్డు దగ్గరికి రాగానే లోపలి సన్నటి తీగచుట్టలో కరెంటు పుట్టి చిప్ మేలుకుని తన నంబరు చెప్తుంది. ఆర్డుయినో ఆ నంబరు చూసి ఫలానా ఫోల్డర్ వాయించు అని డీఎఫ్‌ప్లేయర్‌కు చెప్తుంది. పాటలన్నీ దాంట్లో దూర్చిన మైక్రో ఎస్‌డీ కార్డులో ఉంటాయి.

ఎవరైనా చేసుకోవాలనుకుంటే పనికొస్తాయని కొన్ని సంగతులు రాస్తున్నాను. డీఎఫ్‌ప్లేయర్‌కు ఫైళ్ల పేర్లు 001, 002 అనే ఇవ్వాలి, ఫోల్డర్ల పేర్లు 01, 02 అని. అలా కాకుండా అన్నీ బయటే పడేస్తే పేరును బట్టి కాక, ఎక్కించిన వరుసను బట్టి వాయిస్తుంది. ఆర్డుయినో నుంచి డీఎఫ్‌ప్లేయర్‌కు పోయే తీగ మధ్యలో ఒక కిలో ఓము రెసిస్టర్ పెట్టాలి, లేకపోతే స్పీకర్లో సన్నగా చీమలు పారుతున్నట్టు రొద వస్తుంది. ఆర్‌సీ522కి 3.3 వోల్టులే ఇవ్వాలి, 5 వోల్టులు ఇస్తే పోతుంది. స్పీకరు అయస్కాంతానికి రీడర్‌ను దూరంగా పెట్టాలి. పక్కపక్కన పెట్టి చూస్తే కార్డును చెక్కకు ఆనిస్తే తప్ప చదవలేదు, ఎడంగా జరిపాక మూడు వేళ్ల ఎత్తు నుంచే పట్టుకుంది.

కార్డు తీయగానే ఆగడం అన్నదే ప్రోగ్రాంలో కష్టమైన ముక్క. ఒకసారి చదివేశాక కార్డును నిద్రపుచ్చుతారు, తర్వాత 'ఉన్నావా' అని అడిగితే ఉన్నా పలకదు. కాబట్టి క్షణక్షణం దాన్ని లేపి అడగాలి. వరుసగా కొన్నిసార్లు జవాబు రాకపోతేనే తీసేశారని లెక్క. ఒక్కసారికే ఆపేస్తే పాట నడుమ నడుమ తెగుతుంది.

పవర్ బ్యాంకుతో నడుపుదామనుకుంటే కుదరలేదు. పాట ఆగి ఉన్నప్పుడు ఈ సర్క్యూట్ లాగే కరెంటు చాలా తక్కువ. ఏదీ తగిలించి లేదనుకుని పవర్ బ్యాంకు తనంతట తాను ఆరిపోతుంది. అందుకే ఛార్జ్ చేసుకునే 18650 లిథియం సెల్, ఛార్జింగ్ బోర్డు, 5 వోల్టులకు పెంచే చిన్న బోర్డు విడిగా పెట్టాను. దీంతో పెట్టెను వంటింట్లోకి, అరుగు మీదికి ఎత్తుకుపోవచ్చు.

దీపావళి ముందు: క్యాసెట్లు

నాయిన దాచిన క్యాసెట్ల సూట్‌కేసు తీశాను. ఒగ్గు కథలు ఉన్నాయి, ఎవరో రికార్డు చేసి ఇచ్చిన 'మా భూమి' పాటలు ఉన్నాయి. పాత టేప్‌రికార్డర్ బెల్టు కరిగి జిగురై చక్రాలకు అంటుకుపోయింది. దాన్ని గోకి తీసి కొత్త బెల్టు వేశాను. హెడ్, రబ్బరు చక్రం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిస్తే దూది కాఫీ రంగుకు తిరిగింది. హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. పాట నడుస్తుండగా దాన్ని వెంట్రుకవాసి తిప్పుతూ పోతే, ఒక చోట గొంతు మీది ముసుగు తీసినట్టు 'స', 'శ' శబ్దాలు తేటపడతాయి. అక్కడ ఆపాలి. ప్రతి క్యాసెట్‌కూ ఇది మళ్లీ చేయాల్సిందే, ఎందుకంటే రికార్డు చేసిన మిషన్ ఒక్కోటి ఒక్కో తీరుగా ఉంటుంది.

ఒక క్యాసెట్ 'పల్లెటూరి పిల్లగాడా' దగ్గర మొదలైంది. పసులు కాసే పిల్లవాణ్ని పేరు పేరునా పలకరిస్తున్నట్టుండే పాట, సుద్దాల హనుమంతు రాసింది, సంధ్య పాడింది. 'మా భూమి' గౌతం ఘోష్‌కు మొదటి కథాచిత్రం. బి. నర్సింగరావు నిర్మాత. 1980లో విడుదలైంది. మన నల్లగొండ, వరంగల్ పల్లెల సాయుధ పోరాటం కథ. మూలం కృష్ణచందర్ ఉర్దూ నవల. ఈ మధ్యే మళ్లీ చూశాను. సినిమాగా కొన్ని చోట్ల నెమ్మదిగా నడుస్తుంది, కొందరు కొత్తవాళ్ల నటనలో బెరుకు కనిపిస్తుంది. అవేవీ నన్ను ఇబ్బంది పెట్టలేదు. ఈ పాట వచ్చినప్పుడు ఎవరూ నటించట్లేదనే అనిపిస్తుంది. హనుమంతు ఉద్యమంలో తిరిగిన మనిషి. పిల్లవాడి చేతికర్ర, ఒంటి మీది గోచి, కాలికి గుచ్చుకునే ముల్లు, ఇవన్నీ చూసినవాడికే వచ్చే మాటలు. పక్కనే కూర్చుని విన్న మేనకోడలు, "ఆ పిలగాడు బడికెందుకు పోడు అత్తమ్మా?" అని అడిగింది. పాట రాసిన మనిషి అడిగిందీ అదే.

రెండో నంబరు. 'బండెనక బండి గట్టి' కూడా అదే ఫోల్డర్‌లో పెట్టాను. తెర మీద గద్దర్ పాడిన బండి యాదగిరి పాట. కార్డు మీద ఇది బాగుంటుందా అది బాగుంటుందా అని ఇంట్లో చర్చ అవసరం లేదు, రెండూ ఒకదాని వెంట ఒకటి రావాల్సిన పాటలే.

వడ్లాయన దగ్గర

పెట్టె నేనే చేద్దామనుకున్నా, మూలలు సరిగ్గా కలవాలంటే చేయి తిరిగిన మనిషి కావాలి. మా ఇంటి పాత దర్వాజ తీసేసినప్పటి టేకు చెక్క ఉంది. పానగల్ రోడ్డులో పనిచేసే వడ్లాయన దగ్గరికి పట్టుకెళ్లాను. చిత్రిక పడుతుంటే పైనున్న నల్లటి పొర లేచిపోయి లోపల తేనెరంగు బయటపడింది.

నా డ్రాయింగులో వెనక వైపు మొత్తం మూసి ఉంది. ఆయన స్పీకరును చేత్తో పట్టుకుని పాట పెట్టమన్నాడు. ఉత్త స్పీకరు కీచుగా పలికింది. దాన్ని ముందు పలకలోని రంధ్రానికి ఆనించి పట్టుకుంటే గొంతు నిండుగా వచ్చింది. వెనక ఒక చెక్కముక్క అడ్డం పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూపించాడు.

"ఎనక పలక మొత్తం కొట్టేస్తే గొంతు పూడుకపోతదమ్మా. జరంత సందు ఇడువాలె."

వెనక కింది అంచున బొటనవేలు పట్టేంత సందు వదిలాడు. స్పీకర్ల పుస్తకాల్లో దీనికి పెద్ద లెక్కలు ఉన్నాయి. ఈ సైజు పెట్టెకు ఆయన చెవి లెక్క సరిపోయింది.

పరీక్షకు పెట్టిన పాట గోరటి వెంకన్న 'పల్లె కన్నీరు పెడుతుందో'. 2002లో 'కుబుసం' సినిమాలో వచ్చాక ఇది వినని ఊరు లేదు. వెంకన్నది నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారం. ఈ పాట గొప్పతనం నా ఉద్దేశంలో కన్నీరు అన్న మాటలో లేదు, చేతివృత్తుల లెక్క చెప్పే ఓపికలో ఉంది. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, సాలె, ఒక్కొక్కరి పనిచోటుకు వెళ్లి అక్కడ ఏ పనిముట్టు మూలన పడిందో చూపిస్తాడు. దుఃఖం గురించి చెప్పే పాటలు చాలా ఉన్నాయి, పనిముట్లు పేరుపేరునా తెలిసిన పాటలు తక్కువ. వడ్లాయన చిత్రిక ఆపకుండానే రెండో చరణం నుంచి కలిసి పాడాడు, ఒక్క మాట కూడా తడుముకోకుండా. ఇప్పుడు తనకు వచ్చే ఆర్డర్లలో ఎక్కువ ప్లైవుడ్ అల్మారాలేనట. నాగలి చేసి చాలా ఏళ్లయిందన్నాడు.

వెంకన్నకు 'వల్లంకి తాళం' మీద 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పుస్తకంగా చదివినా దాన్ని పెదవి కదపకుండా చదవలేకపోయాను.

యశోదారెడ్డి కథలు, చదివి రికార్డు చేయడం

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఎక్కువ ఆనందం ఇచ్చింది ఇదే, కాబట్టి ఎక్కువ రాస్తాను.

పాకాల యశోదారెడ్డిది బిజినేపల్లి. 1929లో పుట్టారు. తెలుగు ప్రొఫెసర్‌గా పనిచేశారు. 'మా ఊరి ముచ్చట్లు' 1973లో వచ్చింది. పాత్రల మాటల్ని ఊరి యాసలో రాసి, రచయిత తన మాటను మాత్రం పుస్తక భాషలో చెప్పడం మనం చాలాచోట్ల చూశాం. ఈమె అలా చేయలేదు. కథ చెప్పే గొంతు కూడా ఆ ఊరిదే. ఆ కాలంలో చదువుకున్న ప్రొఫెసరమ్మ ఆ పని చేయడానికి ఎంత ధైర్యం కావాలో తలుచుకుంటే నాకు ఆమె మీద గౌరవం ఇంకా పెరుగుతుంది. కథలు చిన్నవి. పెద్ద మలుపులు ఉండవు. ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషితో మాట్లాడుతుంది, ఊరు ఊరంతా కళ్ల ముందు నిలబడుతుంది.

పుస్తకం కళ్లతో చదివినప్పుడు నాకు కొన్ని వాక్యాలు పొడుగ్గా, ఊపిరి ఆడనట్టుగా అనిపించాయి. పైకి చదవడం మొదలుపెట్టాక అవే వాక్యాలు నడిచిపోయాయి. సామెత దగ్గర ఊపిరి తీసుకోవాలి, తిట్టు దగ్గర తీసుకోకూడదు. కామా ఎక్కడుందో చూడాల్సిన పనిలేదు.

రికార్డింగుకు స్టూడియో లేదు. బీరువాలో చీరల మధ్య ఫోన్ పెట్టి, తలుపు తెరిచి, దానికెదురుగా కూర్చుని చదివాను. బట్టలు గది ప్రతిధ్వనిని మింగేస్తాయి. ఫ్యాన్ ఆపాలి. ఫ్రిజ్ కూడా ఆపాలి, దాని రొద మనకు వినిపించదు కానీ రికార్డింగులో కూర్చుంటుంది. రాత్రి బజారు సద్దుమణిగాక చదివితే బాగా వచ్చింది. తర్వాత కంప్యూటర్లో ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ ప్రోగ్రాంలో వేసి, మొదట రెండు సెకన్ల ఉత్త నిశ్శబ్దాన్ని నమూనాగా చూపించి రొద తగ్గించాను. ఎక్కువ తగ్గిస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది, కొద్దిగా రొద ఉండనివ్వడమే మేలు.

అమ్మమ్మ పక్క మంచం మీద కూర్చుని వినేది. ఒక చోట ఆపింది.

"గట్ల సాగదియ్యకు బిడ్డా. ఆమె అలిగి మాట్లాడుతలేదు, ఎక్కిరిస్తుంది."

మళ్లీ చదివితే నిజంగానే ఆ పేరా అంతా వెక్కిరింపే. కాగితం మీద అది కనిపించే గుర్తు ఏదీ లేదు. ఆ ఊళ్ల మాట విని పెరిగిన చెవికి మాత్రమే తెలుస్తుంది. అప్పటి నుంచి పద్ధతి మార్చాం. ముందు నేను పేరా చదువుతాను, అమ్మమ్మ ఎవరు ఎవరితో ఏ తీరున అంటున్నారో చెప్తుంది, తర్వాత రికార్డు నొక్కుతాను. కొన్నిచోట్ల ఆమె అసలు కథ వదిలేసి తన ఊళ్లో అలాంటి మనిషి గురించి చెప్పడం మొదలుపెడుతుంది. అదీ రికార్డు అవుతోంది, దానికి వేరే ఫోల్డర్ ఉంది.

'ఎచ్చమ్మ కథలు' కూడా మొదలుపెట్టాను. దానికి ఎక్కువ సమయం పడుతుంది, తొందర లేదు. ఈ రికార్డింగులు మా ఇంటి కోసమే, ఇల్లు దాటవు. పుస్తకాలు కొనుక్కుని చదవాల్సినవి. తెలుగు ఇళ్లలో ఈ పుస్తకం ఉండాలని, ఎవరో ఒకరు దీన్ని గట్టిగా చదివి వినిపించాలని నా గట్టి కోరిక.

కార్తీకం: సినిమాల నుంచి ఏం తీసుకోవాలి

సినిమాలకు కార్డులు చేయడం చిక్కు పని. చూసే వస్తువును వినే పెట్టెలోకి ఎలా తేవాలి? పాట ఒక్కటే తెచ్చుకోగలం, అది కూడా అన్ని పాటలూ రావు.

'బలగం' నుంచి 'ఊరు పల్లెటూరు' తీసుకున్నాను. కాసర్ల శ్యామ్ రాసిన ఈ పాటకు 71వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ గీత రచన అవార్డు వచ్చింది. తెల్లవారే ఊరి పనులన్నీ వరుసగా చెప్పే పాట. భీమ్స్ బాణీలో తొందర లేదు. చివర్లో మొగిలయ్య, కొమురమ్మ పాడిన పాటకు మాత్రం కార్డు చేయలేదు. (ఈయన వరంగల్ వైపు బుడగజంగాల కళాకారుడు పస్తం మొగిలయ్య, కిన్నెర మొగులయ్య వేరు, చాలామంది ఇద్దరినీ కలిపేస్తారు.) ఆ పాట నన్ను ఏడిపించింది, మా ఇంట్లో అందరినీ ఏడిపించింది. అయితే కాకి ముద్ద ముట్టకపోవడం, అన్నాచెల్లెళ్ల మధ్య ముదిరిన పంతం, ఇవన్నీ దాటి వస్తేనే ఆ పాట దగ్గరికి చేరుకున్నట్టు. పొద్దున టీ తాగుతూ కార్డు పెట్టి వినే పాట కాదది. దాన్ని సినిమాలోనే ఉండనిద్దాం.

'మల్లేశం' మళ్లీ చూశాం. 2019లో రాజ్ రాచకొండ తీసిన సినిమా, ప్రియదర్శి వేసిన పాత్ర ఆలేరు వైపు చేనేత బిడ్డ చింతకింది మల్లేశంది. ఒక చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టాలంటే, చేయి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాలి. తల్లి భుజం నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టి 1999 నాటికి మిషన్ పూర్తి చేశాడు. విజయగాథ సినిమాలంటే చివర చప్పట్లు కొట్టించడం మీదే దృష్టి ఉంటుంది. ఇందులో నాకు నచ్చింది మిషన్ ఆగిపోయిన రోజుల్ని తొందరపడి దాటేయకపోవడం. చేతిలో డబ్బు అయిపోవడం, ఊళ్లో మాటలు, పట్నంలో చిన్న ఉద్యోగం, ఆ మధ్యలోనే ఒక చిన్న విషయం తట్టడం: పని చేసే మనిషి బతుకు అలాగే ఉంటుంది. అమ్మగా ఝాన్సీ భుజం పట్టుకుని లేచే తీరు నాకు ఇంకా కళ్ల ముందే ఉంది. దీనికి కార్డు లేదు. పోచంపల్లి వైపు పోయినప్పుడు ఎవరైనా ఒప్పుకుంటే ఆసు పోసే చప్పుడు, మగ్గం చప్పుడు రికార్డు చేసి దానికి కార్డు చేయాలని ఉంది.

'దాసి'కి కూడా కార్డు లేదు. నర్సింగరావు 1988 సినిమా, అర్చనకు ఉత్తమ నటి అవార్డుతో కలిపి ఐదు జాతీయ పురస్కారాలు. దొర గడీలో దాసి బతుకు. మాటలు చాలా తక్కువ. ఆ సినిమా చెప్పాల్సిందంతా అర్చన ముఖంలో, గడీ గోడల మధ్య ఆమె నడిచే నడకలో ఉంది. ఒక్కరే కూర్చుని, దీపం ఆర్పి చూడాల్సిన సినిమా.

బొమ్మలు గీయడం

కామిక్స్ పెట్టెలో ఇమడవు. అయినా కార్డుల మీది బొమ్మలు ఎలా గీయాలో నేర్పింది అవే.

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాల్లో హెర్జే 'టిన్‌టిన్ ఇన్ టిబెట్' దొరికింది. 1960 నాటి ఆల్బం. విమాన ప్రమాదంలో స్నేహితుడు చాంగ్ చనిపోయాడని అందరూ చెప్తున్నా, బతికే ఉన్నాడని టిన్‌టిన్ మంచుకొండలెక్కి వెతకడమే కథ. విలన్ లేడు. పేజీలకు పేజీలు తెల్లటి మంచు, అందులో చిన్న చిన్న మనుషులు. అంత ఖాళీ స్థలం వదలడానికి గీసేవాడికి ఎంత నమ్మకం ఉండాలి! మేనకోడలు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునే వయసే. అయినా బొమ్మలు పట్టుకుని కథంతా చెప్పేసింది, చివర ఒంటరిగా మిగిలిపోయే యెతి అనే మంచుమనిషి దగ్గర మాత్రం పుస్తకం మూయనివ్వలేదు. దాన్నీ ఊరికి తీసుకుపోవాలట.

చందమామ పాత సంచికలు కూడా తిరగేశాను, ముఖ్యంగా శంకర్ గీసిన విక్రమార్కుడి బొమ్మ కోసం. ఒక చేతిలో కత్తి, భుజాన శవం, శ్మశానం దాటుతున్న అడుగు. ఏళ్ల తరబడి ప్రతి నెలా అదే బొమ్మ కథ మీద వచ్చినా పాతబడలేదు, ఎందుకంటే ఆ కాలు ఎత్తి ఉంది. ఇంకా నడుస్తున్నాడు. 2020లో పోయిన శంకర్‌కు మరుసటి ఏడు పద్మశ్రీ ప్రకటించారు.

ఆ కాలు చూశాకే కార్డులకు ఒక నియమం దొరికింది: ఒక మనిషి, ఒక కదలిక, మిగతాదంతా ఖాళీ. సాయన్న కార్డు మీద గోడ దూకుతున్న మనిషి. హనుమంతు పాటకు కర్ర ఎత్తిన పిల్లవాడు. యశోదారెడ్డి కథలకు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పక్కకు వంగిన ఆడమనిషి. కళ్లు మసకబారిన అమ్మమ్మకు చేతి దూరంలో తెలిసేలా గీతలు మందంగా, రంగులు రెండే. లామినేషన్‌కు మెరుపు రేకు వాడొద్దని షాపులో గట్టిగా చెప్పాల్సి వచ్చింది, లోహం పొర ఉంటే కార్డు నంబరు బయటికి రాదు.

ఇంట్లో వాడకం మొదలయ్యాక

అమ్మమ్మకు వినపడాలంటే వాల్యూమ్ 30లో 24 దగ్గర ఉండాలి. ఆ స్థాయిలో ఈ చిన్న స్పీకరు బుద్ధి బయటపడింది. పెద్ద ఆర్కెస్ట్రా ఉన్న పాట ఏది పెట్టినా ముద్దగా వస్తుంది. ఇళయరాజా 'హౌ టు నేమ్ ఇట్' అంటే నాకు చాలా ఇష్టం. 1986లో త్యాగరాజుకు, బాఖ్‌కు అంకితమిచ్చిన ఆల్బం. ఒక వయొలిన్ గుంపు అడిగితే ఇంకో గుంపు జవాబు చెప్పడమే దాని అందం. ఇందులో ఎడమ, కుడి కలిసిపోయి ఒక్కటే స్పీకర్లోంచి వస్తుంటే అడిగేదెవరో చెప్పేదెవరో తెలియలేదు. ఆ కార్డు తీసేసి హెడ్‌ఫోన్లకే ఉంచుకున్నాను. సినిమా పాటలు మరికొన్ని కూడా అలాగే పక్కకు పోయాయి.

కిన్నెర మాత్రం ఈ పెట్టె కోసమే పుట్టినట్టు పలికింది. ఒగ్గు కథ, హనుమంతు పాట, నేను చదివిన కథలు, అన్నీ అంతే. కారణం పెద్ద రహస్యమేం కాదు. ఒక గొంతు, ఒక వాద్యం, ఎదురుగా కూర్చున్న జనం, మైకు లేని రచ్చబండ: ఇవి ఆ కొలతకు తయారైన కళలు. మాట తెలియాలి, తంత్రి తెలియాలి, అంతకు మించి ఏదీ ఉండదు కాబట్టి ఇంత చిన్న స్పీకర్లోనూ ఏదీ పోదు. ఇంతకాలం నేను రికార్డింగు నాణ్యత, వాద్యాల సంఖ్య చూసి పాటను మెచ్చుకునేదాన్ని. ఇప్పుడు పాట వింటే ముందు అడుగుతున్న ప్రశ్న, ఎదుటి మనిషికి ఎవరైనా దీన్ని వాయిద్యాలు లేకుండా చెప్పగలరా అని. కొత్తగా వస్తున్న పాటల్లోనూ ఆ ప్రశ్నకు నిలబడేవి ఉన్నాయి, 'ఊరు పల్లెటూరు' అందుకే పెట్టెలో మిగిలింది.

పుస్తకాల్లో ఇంకొకటి ఎక్కిస్తున్నాను: సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. పాలమూరు గడ్డ మనిషి, గోలకొండ పత్రిక నడిపినవాడు. 1949లో వచ్చిన ఈ పుస్తకానికి 1955లో, ఆయన పోయాక, తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలు ఆడారు అని కావ్యాల్లోంచి ఏరి చెప్పిన చరిత్ర. మొత్తం చదివి వినిపించడానికి వీలుపడదు, పద్యాల ఉదాహరణలు చాలా ఉన్నాయి. తిండి గురించి, ఆటల గురించి రాసిన భాగాలు మాత్రం చదివాను. అమ్మమ్మ, మేనకోడలు ఇద్దరూ కలిసి విన్నది ఇదొక్కటే. ఒక ఆట పేరు వచ్చినప్పుడల్లా అమ్మమ్మ దాన్ని ఆడే తీరు చెప్తుంది, పిల్ల వెంటనే ఆడదామంటుంది. ఆ రోజు రికార్డింగు సగంలో ఆగిపోయింది, ఇల్లంతా గవ్వలు పరుచుకున్నాయి.

మిగిలిన పనులు

సెల్ ఎంత మిగిలిందో తెలిసేలా ఒక చిన్న ఎల్‌ఈడీ పెట్టాలి. కథ నడుమ కార్డు తీసి మళ్లీ పెడితే మొదటి నుంచి కాక, ఆగిన చోటు నుంచి ఎత్తుకునేలా ప్రోగ్రాం మార్చాలి. దీనికి డీఎఫ్‌ప్లేయర్ సరిగ్గా సహకరించదు. అందుకే పొడుగు కథల్ని ఐదేసి నిమిషాల ముక్కలుగా కోసి, ఏ ముక్కలో ఆగిందో ఆర్డుయినో గుర్తుపెట్టుకునేలా రాస్తున్నాను. ఒగ్గు కథ క్యాసెట్లలో రెండు వైపులా ఇంకా ఎక్కించాల్సినవి ఉన్నాయి. మిర్యాలగూడ చిన్నమ్మ తనకూ ఒకటి కావాలంది, ఆమెకు ఈసారి ఇంకొంచెం పెద్ద స్పీకరుతో చేద్దామని వడ్లాయనకు చెక్క చూడమని చెప్పాను.

సాయన్న కథ నా దగ్గర ఉన్నది పూర్తిది కాదు. సంక్రాంతికి అచ్చంపేట వైపు వెళ్తున్నాం. ఆ కథను మొదటి నుంచి చివరిదాకా చెప్పగలిగే కళాకారులు ఎవరున్నారో అడిగి, వాళ్లు ఒప్పుకుంటే తగిన పారితోషికం ఇచ్చి, మంచి మైకుతో కూర్చుని రికార్డు చేయాలి. అమ్మమ్మ తానూ వస్తానంటోంది. ఎవరింటికి వెళ్లాలో తనకే తెలుసట.